చూపు జారాలె

మహబూబ్‌నగర్‌లో మెట్టుగడ్డ దాటినాక రోడ్డు వారగా, రెండు వేపచెట్ల నడుమ మా మేనమామకు కార్ల డెంటింగు షెడ్డు ఉండేది. షెడ్డు అని గౌరవానికి అంటున్నాను గానీ, నాలుగు గుంజలు, పైన రేకులు, మూడు దిక్కులా గోడలేని జాగా, అంతే. 1981 నుంచి ఇంటర్మీడియట్ ముగిసేదాకా ప్రతి ఎండాకాలం సెలవుల్లో మా అమ్మ నన్ను అక్కడికి పంపేది. ఊళ్ళో ఉంటే ఈతకని బావుల వెంట తిరుగుతానని ఆమె భయం. అట్లా ఆరు ఎండాకాలాలు ఆ చెట్ల నీడలో కూర్చుని, ఎడ్లబండ్లనూ బర్రెలనూ మైలురాళ్ళనూ గుద్దుకుని వచ్చిన కార్లు తిరిగి తమ రూపానికి రావడం చూశాను. తరువాత నేను బడిపంతులునయ్యాను, సుత్తి మళ్ళీ పట్టలేదు. అయినా కారును చూసే తీరు మాత్రం ఆ షెడ్డులోనే అలవడింది. ఇన్నేళ్ళయినా అది నన్ను వదలలేదు.

డెంటింగులో మొదటి పాఠం కన్ను పెట్టడం. వంకర తీసిన మడ్‌గార్డును మామ గ్యాస్‌నూనెలో ముంచిన గుడ్డతో ఒకసారి తుడిచేవాడు. తడిసిన రేకు కాసేపు అద్దంలా మెరిసేది. అప్పుడాయన గొంతుక్కూర్చుని, తల పక్కకు వాల్చి, రేకు వెంబడి చూసేవాడు. రోడ్డు మీది కరెంటు తీగల నీడ ఆ తడి మీద పడేది. ఆ తీగ ఒంపు వెంట వంగుతూ, ఎక్కడా తెగకుండా, ముడిపడకుండా చివరిదాకా సాగితే పని అయినట్టు. ఎక్కడ వణికినా సుత్తి మళ్ళీ చేతికి రావలసిందే.

“చూపు జారాలె అల్లుడా. యాడ ఆగితే ఆడ దెబ్బ ఉన్నట్టే” అనేవాడు.

ఆ తరువాత కళ్ళు మూసుకుని అరచేతిని రేకు మీద పెట్టి, తల నిమిరినట్టు నిమిరేవాడు. కంటికి దొరకని దెబ్బ చేతికి దొరుకుతుంది. పెయింటర్ చాచా లప్పం పెట్టి, వాటర్ పేపరుతో రుద్ది, రంగు కొట్టాక బయటపడే లోపాలన్నీ ఆ అరచేతికి ముందే తెలిసిపోయేవి. లప్పం మందంగా పూసి దెబ్బను కప్పేసే వాళ్ళంటే మామకు చెడ్డ కోపం. రేకును రేకుతోనే సరిచేయాలి, లప్పం కంటికి కాటుకంత ఉండాలి అనేది ఆయన పట్టుదల.

ఆ రోజుల్లో మా జిల్లాలో కార్లను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చునంటే అతిశయోక్తి అవుతుంది గానీ, రకాలను మాత్రం ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆఫీసర్లకూ కిరాయి బండ్ల వాళ్ళకూ అంబాసిడర్లు, డాక్టర్లకూ వకీళ్ళకూ ఫియట్లు, కాంట్రాక్టర్లకు జీపులు. ఇవి గాక ఊరు మొత్తానికి ఒకే ఒక్క స్టాండర్డ్ హెరాల్డ్ ఉండేది. అది వచ్చిన రోజు పక్కన పంక్చర్లు వేసే అబ్బాయి కూడా పని ఆపి చూసేవాడు. దాని బానెట్, రెండు మడ్‌గార్డులు, హెడ్‌లైట్లు అన్నీ కలిసి ఒకే ముక్కగా ముందుకు తెరుచుకునేవి. మొసలి నోరు తెరిచినట్టు ఉండేది. గీసినవాడు ఇటలీలోని మైకెలాట్టి అనీ, మద్రాసులో తయారైందనీ నేను చాలా ఏళ్ళ తరువాత చదివి తెలుసుకున్నాను. ఇంగ్లండులో హెరాల్డ్‌కు రెండే తలుపులు. నాలుగు తలుపుల రకం మన దగ్గరే వచ్చింది. ఇంటిల్లిపాదీ ఎక్కకపోతే మనకు అది కారే కాదు గదా.

అంబాసిడర్ సంగతి వేరు. ఒకసారి దేవరకద్ర దగ్గర బర్రెను గుద్దిన కిరాయి బండి వచ్చింది. ఎడమవైపు ముందు మడ్‌గార్డు లోపలికి పోయి టైరును పట్టేసుకుంది, హెడ్‌లైటు గుంత నేలచూపు చూస్తోంది. మామ బోల్టులు విప్పి మడ్‌గార్డును ఊడదీసి, ఇసుక సంచి మీద బోర్లించి, ముందు కొయ్య సుత్తితో లోపలినుంచి మెల్లగా ఉబ్బించాడు. ఆ తరువాత అరచేతిలో ఇమిడే డాలీ దిమ్మను లోపలివైపు ఆనించి పట్టుకుని, బయటినుంచి ఇనుప సుత్తితో దెబ్బలు వేయడం మొదలుపెట్టాడు. డాలీ సరిగ్గా సుత్తి కింద ఉంటే ‘టంగ్’ అని మోగుతుంది. పక్కకు జరిగితే ‘డప్’ అని మూగగా పలుకుతుంది. పొద్దంతా ఆ చప్పుడు వింటూ, కళ్ళు మూసుకుని కూడా పని ఎంతదాకా వచ్చిందో చెప్పగలిగే స్థితికి చేరుకున్నాను. బండి డ్రైవరు రెండు రోజులూ ఆ కారు వెనక సీట్లోనే పడుకున్నాడు. అంబాసిడర్ వెనక సీటు ఆరడుగుల మనిషి మోకాళ్ళు కొంచెం ముడిస్తే చాలు, మంచంలా సరిపోయేది.

రెండోనాడు సాయంత్రం మడ్‌గార్డును బిగించి తుడిచాక, నన్ను పిలిచి చూపించాడు. హెడ్‌లైటు గుంత నుంచి బయలుదేరిన ఒంపు చక్రం మీదుగా ఎక్కి, దిగి, ముందు తలుపులో కలిసిపోయింది. ఎక్కడ మడ్‌గార్డు అయిపోయిందో, ఎక్కడ తలుపు మొదలైందో తెలిపేది మధ్యలో ఉన్న సన్నని సందు ఒక్కటే. చెరువులో రాయి వేస్తే లేచే అల గట్టు చేరేలోపు సద్దుమణిగినట్టు ఉంది ఆ పోత. నిజానికి ఆ కారును అందగత్తె అనలేను. వెనకభాగం బరువు, ముఖం ఉబ్బు, ఎత్తు కొంచెం ఎక్కువ. కానీ దాని మీద చూపు ఆగే చోటు లేదు.

ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారును తెచ్చి, 1950ల చివరలో బెంగాల్‌లోని ఉత్తరపారలో హిందుస్థాన్ మోటార్స్ దీన్ని మొదలుపెట్టింది. 2014 మే నెలలో ఆపేసింది. మధ్యలో ముందు జాలీ మారింది, పేరు వెనక మార్కు టూ, మార్కు త్రీ, మార్కు ఫోర్, నోవా అని తోకలు వచ్చాయి, 1992లో ఇసుజు ఇంజనుతో 1800 వచ్చింది, స్టీరింగు పక్కన ఉండే గేరు కాళ్ళ దగ్గరికి దిగింది. ఒళ్ళు మాత్రం దాదాపు అదే. మా మామకు ఇది వరం. సికింద్రాబాదు రాణిగంజ్ నుంచి పాత తలుపు ఒకటి తెస్తే, ఏ ఏటి బండికైనా అటూ ఇటూ కాస్త సరిచేసి కూర్చోబెట్టేవాడు. ఇంకో మాట. లారీకి ఉన్నట్టు అంబాసిడర్‌కు విడిగా చాసిస్ ఉంటుందని ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. లేదు, దాని ఒళ్ళే దాని ఎముకలు. చాసిస్ ఉన్నది, అందరూ సుకుమారి అనుకునే హెరాల్డ్‌కు.

మామ మనసు మాత్రం ఫియట్ మీద ఉండేది. 1974 నుంచి దాని పేరు ప్రీమియర్ పద్మిని అయినా, మా షెడ్డులో దాన్ని ఆ పేరుతో పిలిచినవాడు లేడు. రేపటికీ అది ఫియటే. ఫియట్‌కు అంబాసిడర్‌లా గుండ్రని ఒళ్ళు కాదు, గీత ఉంది. హెడ్‌లైటు పక్కనుంచి మొదలై, భుజం వెంట సాగి, వెనక చిన్న తోకరెక్క మీద, ఎర్రదీపం దగ్గర ముగిసే ఒకే ఒక్క గీత. తలుపులు మార్చినా, పక్క దెబ్బ తీసినా, ఆ గీత ఈ చివరనుంచి ఆ చివరకు కలవాలి. అందుకని మామ పురికొసకు సున్నపు పొడి రాసి, ఒక కొన నా చేతికి ఇచ్చి హెడ్‌లైటు దగ్గర పట్టుకోమని, రెండో కొన తాను వెనక పట్టుకుని బిగలాగేవాడు. వడ్రంగులు దూలం మీద దారం కొట్టినట్టే. దారానికీ గీతకూ నడుమ ఎక్కడ వెలుగు కనిపించినా అక్కడ పని మిగిలి ఉన్నట్టు. “ఒక్క గీతనే గీసిండు సూడు, ఎంత ధైర్నమో” అనేవాడు మామ. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. గీత ఒక్కటే అయితే తప్పు దాచుకునే చోటు ఉండదని ఆయన ఉద్దేశం.

ఆ ధైర్యాన్ని నేను ఒకసారి పాడుచేశాను. టెన్త్ రాసిన ఎండాకాలం, మామ భోజనానికి వెళ్ళినప్పుడు, ఒక వకీలుగారి ఫియట్ తలుపు మీద ఉబ్బిన రేకును నేనే దించుదామని గ్యాస్ వెల్డింగు మంట పెట్టాను. రేకు ఉబ్బితే కొంచెం వేడిచేసి, వెంటనే తడిగుడ్డ అద్దితే ముడుచుకుంటుంది. అది ఆయన చేయగా చూశాను. ఎంత వేడిచేయాలో మాత్రం చూడలేదు. పావలా బిళ్ళంత చోట కాల్చవలసింది, అరచేయంత చోట ఎర్రగా కాల్చాను. తలుపు మొత్తం నూనె డబ్బా మూతలా లోపలికీ బయటికీ ‘టక్కు టక్కు’ మనడం మొదలుపెట్టింది. మామ తిరిగి వచ్చి, వేలితో ఒకసారి నొక్కి, ఆ చప్పుడు విని, ఏమీ అనలేదు. ఆయన తిట్టకపోవడమే నాకు తిట్టు. ఆ తలుపును సాపు చేయడానికి ఆయనకు మూడు రోజులు పట్టింది, ఆ మూడు రోజుల కూలి ఆయన వకీలుగారిని అడగలేదు. పలుచని చదును రేకు తనంత తాను నిలబడదనీ, దానికి ఒంపో మడతో ఉంటేనే బిగువు వస్తుందనీ నాకు తెలిసింది ఆ తలుపు దగ్గరే. ఇప్పటి కార్ల ముచ్చట వచ్చినప్పుడల్లా ఆ ‘టక్కు టక్కు’ నా చెవుల్లో మోగుతుంది. ఎందుకో తరువాత చెబుతాను.

కారు లోపలినుంచి ఎట్లా ఉండేదో కూడా చెప్పాలి. మా పెద్దక్క పెళ్ళయిన ఏడు కిరాయి అంబాసిడర్‌లో తొమ్మిదిమందిమి ఆలంపురం జోగులాంబ దర్శనానికి వెళ్ళాం. భూత్పూరు దగ్గర ఏడో నంబరు జాతీయ రహదారి ఎక్కి, కొత్తకోట, పెబ్బేరు మీదుగా బీచుపల్లి వంతెన దాటి పోయాం. ముందు సీటు ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే బల్లలా ఉండేది గనుక డ్రైవరు పక్కన ముగ్గురం ఇరుక్కున్నాం. ముందు తలుపు అద్దానికి ముందు ఒక చిన్న త్రికోణపు అద్దం ఉండేది. దాన్ని కొంచెం తిప్పితే మే నెల గాలిని పట్టి నేరుగా ముఖం మీదికి తోసేది. ఆ గాలి వేడిగానే ఉండేదనుకోండి, కానీ గాలి ఎటు రావాలో నిర్ణయించే అధికారం చేతిలో ఉండేది. కిటికీ అంచు ఎంత కింద ఉండేదంటే, మా అక్క ఒళ్ళో కూర్చున్న నాలుగేళ్ళ పిల్లవాడు కూడా మోచెయ్యి దాని మీద ఆనించి, కృష్ణలో నీళ్ళెంత ఉన్నాయో చూడగలిగాడు. పైకప్పును మోసే పిల్లర్లు బొటనవేలి లావే అనిపించేవి. చుట్టూ చూస్తే పొలాలు కనిపించేవి, కారు కనిపించేది కాదు.

1983 డిసెంబరు 14న ఢిల్లీలో ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళాలు అందజేశారని రేడియోలో విన్నాం. మా షెడ్డులోకి మొదటి మారుతి రావడానికి ఆ తరువాత రెండేళ్ళు పట్టింది. మామ దాని బానెట్ మీద వేలితో తట్టి, నా వైపు చూసి కనుబొమలెగరేశాడు. రేకు పలుచన. అంబాసిడర్‌కు కొట్టినట్టు కొడితే సాగిపోతుంది. ఆయన చిన్న సుత్తి చేయించుకున్నాడు, దెబ్బ బలం తగ్గించుకున్నాడు, నెలలోపలే చెయ్యి కుదిరింది. మారుతిని ఆయన ఎన్నడూ తక్కువ చేసి మాట్లాడలేదు. ‘సైకిలు లెక్క, ఉన్నదానికన్న ఎక్కువ చూపెట్టదు’ అని మెచ్చుకునేవాడు. నాకూ ఆ మొదటి మారుతి అందంగానే కనిపిస్తుంది.

ఆ తరువాత పాతికేళ్ళలో వచ్చిన మార్పు వేరే రకం. బంపరును తీసుకోండి. పాత కారుకు బంపరు అంటే క్రోమ్ మెరుపు వేసిన ఇనుప పట్టీ. వంగితే విప్పి, రెండు రాళ్ళ నడుమ పెట్టి తిన్నగా చేసేవాళ్ళం. ఇప్పుడు అది కారు రంగే పూసుకున్న ప్లాస్టిక్ ముఖం. పగిలితే కొత్తది కొనాలి. హెడ్‌లైట్లు అంబాసిడర్‌కూ, ఫియట్‌కూ, జీపుకూ ఒకే కొలత, ఏడంగుళాల గుండ్రని దీపం. నడిరాత్రి జడ్చర్ల చౌరస్తాలో పగిలినా పక్క దుకాణంలో దొరికేది. ఎల్ఈడీలు వచ్చాక దీపానికి గుండ్రని గిన్నె అవసరం తీరిపోయింది. చీలికంత సందులో ఇమిడిపోతుంది. దానితో కార్లన్నిటికీ కనుబొమలు ముడిపడ్డాయి. పాత కార్లు ఎదురు వస్తే మనల్ని చూసి ఆశ్చర్యపోయినట్టు ఉండేవి. ఇప్పటివి బాకీ వసూలుకు వచ్చినట్టు ఉంటాయి.

పొడవు కథ మరీ విచిత్రం. 2006 బడ్జెటులో ప్రభుత్వం చిన్న కార్లకు ఎక్సైజు సుంకం 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించింది. చిన్న కారు అంటే పొడవు నాలుగు మీటర్లు దాటకూడదు. పెట్రోలు ఇంజను 1200, డీజిల్ ఇంజను 1500 సీసీ మించకూడదు. జీఎస్టీ వచ్చాక కూడా ఆ నాలుగు మీటర్ల గీత చెరగలేదు. అప్పటినుంచి డిక్కీ ఉన్న కార్లకు వెనకభాగం కోయడం మొదలైంది. 2008లో ఇండిగో సీఎస్, 2012లో కొత్త డిజైర్ అట్లా పొట్టివయ్యాయి. మామ అప్పటికి పని మానేసి ఇంటి అరుగు మీద కూర్చుంటున్నాడు. వీధిలో పోతున్న అట్లాంటి కారును మొదటిసారి చూసి, “దీని తోక బల్లి తోక లెక్క యాడనో ఊడిపడ్డది” అన్నాడు. నేను సుంకం లెక్క చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, “మరి ఫియట్ ఎంత పొడుగు?” అని అడిగాడు.

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదలలేదు. చివరకు వెతికి చూస్తే, ఫియట్ కూడా నాలుగు మీటర్ల లోపే. 4.3 మీటర్ల అంబాసిడర్ ఈ లెక్కకు అడుగు ఎక్కువ గానీ, ఫియట్ దర్జాగా లోపలే ఉంది. పైగా దానికి పూర్తి బానెట్, పూర్తి డిక్కీ, నడుమ నలుగురు కూర్చునే చోటు అన్నీ ఉన్నాయి. తేడా వెడల్పులో, ఎత్తులో ఉంది. ఫియట్ వెడల్పు మీటరున్నర లోపు, ఎత్తూ ఇంచుమించు అంతే. ఇప్పుడు అదే పొడవులో వచ్చే చిన్న ఎస్‌యూవీలు వెడల్పులో 1.8 మీటర్ల దాకా, ఎత్తులో 1.6 మీటర్లు దాటి ఉంటున్నాయి. అంటే నేల మీద పరుచుకోవలసిన ఒళ్ళు పైకీ పక్కలకూ ఉబ్బింది. నాలుగు మీటర్ల నియమాన్ని పూర్తిగా తప్పుపట్టడానికి నాకు నోరు రావడం లేదు. ఆ నియమంలోనే ఒకడు, నియమం పుట్టకముందే, అందమైన కారు చేసి పెట్టాడు.

ఇక గీతలు. ఇప్పటి కారు పక్కన నిలబడి చూడండి. తలుపు పైన ఒక మడత, నడుమ ఒక మడత, కింద వెనక్కి ఎగబాకే మరో మడత, చక్రాల చుట్టూ నల్ల ప్లాస్టిక్, బానెట్ మీద రెండు గట్లు. ఇందులో కొంత అలంకారం, కొంత అవసరం. రేకు పలుచనైనకొద్దీ, తలుపు పెద్దదైనకొద్దీ, మడత పెట్టకపోతే నేను కాల్చిన వకీలుగారి తలుపులాగా ‘టక్కు టక్కు’ మంటుంది. మడతలో బిగువు ఉంది. అంత పదునైన మడతలను ఒక్క నొక్కుతో తీసే ప్రెస్సులు కూడా ఇప్పుడు వచ్చాయి. కాబట్టి ఒకటి రెండు గీతలకు నేను అడ్డు చెప్పను. ఆపడం తెలియని చేతిని చూస్తేనే బాధ కలుగుతుంది. మా పిల్లలు వ్యాసంలో ప్రతి వాక్యం కింద ఎర్రగీత గీసుకుని వస్తారు. అప్పుడు దేన్ని చదవాలో నాకు తెలియదు.

పాతవాటిని నెత్తిన పెట్టుకునే నా వయసువాళ్ళలో చాలామంది చెప్పని సంగతి ఒకటి ఉంది, దాన్ని దాటి పోలేను. ఒక రాత్రి రహదారి మీద లారీ వెనకభాగాన్ని గుద్దిన కారు ఒకటి షెడ్డుకు వచ్చింది. ముందుభాగం అనుకున్నంత నలగలేదు. స్టీరింగు చక్రం మాత్రం వంగి ఉంది. మామ దాన్ని విప్పి, గోనెసంచిలో చుట్టి, షెడ్డు వెనకకు తీసుకుపోయాడు. నన్ను అటు రావద్దన్నాడు. ఆనాటి కార్లకు బెల్టులు లేవు, ఎయిర్‌బ్యాగులు లేవు, గుద్దినప్పుడు తాను నలిగి మనిషిని కాపాడే ముందుభాగం లేదు. రేకు గట్టిది గనుక దెబ్బ నేరుగా లోపలి మనిషికి చేరేది. ఇప్పటి కారు ముందుభాగం కాగితంలా నలగడం చూసి నవ్వేవాళ్ళు, అది నలగడానికే చేశారని తెలుసుకోవాలి. పిల్లర్లు లావెక్కింది కారు పల్టీ కొడితే కప్పు తల మీదికి దిగకూడదని. బానెట్ ఎత్తు పెరిగింది, ఎదురొచ్చిన మనిషి తల దాని మీద పడితే కింద ఇంజను తగలకుండా జాగా ఉండాలని. 2023 అక్టోబరు నుంచి మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ పేరుతో కార్లను గుద్దించి చూసి నక్షత్రాలు ఇస్తున్నారు. మా మనవరాలు కారులో కిటికీ అంచు అందక ఆకాశం తప్ప ఏమీ చూడలేకపోతున్నదని నాకు దిగులే. అయినా ఆ కిటికీ కిందికి దించమని, ఆ పిల్లర్లు సన్నగా చేయమని అడగడానికి ఆ గోనెసంచి అడ్డు వస్తుంది.

మామ పోవడానికి రెండేళ్ళ ముందు ఆయనను హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్‌కు తీసుకుపోయాను. అక్కడ పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఒకటి ఉంది. 1912 నాటిది, లండన్‌లో బార్కర్ వాళ్ళు ఒళ్ళు కట్టినది. చేయించమన్నది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్. 1890లో మా పాలమూరుకు మహబూబ్‌నగర్ అని పేరు వచ్చింది ఆయనవల్లనే. కారు తయారయ్యేలోపు, 1911లో ఆయన కన్నుమూశారు. దర్బారు ఊరేగింపులకు దాన్ని వాడింది కొడుకు ఉస్మాన్ అలీఖాన్. లోపల నిజాం కూర్చునే చోటు సింహాసనంలాగా ఎత్తుగా ఉంటుంది. వచ్చినవాళ్ళందరూ ఆ సింహాసనాన్ని చూస్తున్నారు. మామ మాత్రం తాడు అవతల నిలబడి, మోకాళ్ళ నొప్పితోనే మెల్లగా వంగి, తల పక్కకు వాల్చి, మడ్‌గార్డు వెంబడి కన్ను పెట్టాడు. కాపలా మనిషి దగ్గరికి వచ్చి ఏమైందని అడిగాడు. మామ లేచి, “ఏం లేదు సార్, చూపు జారుతున్నది” అన్నాడు. ఆ మనిషికి ఏమీ అర్థం కాలేదు. కళ్ళకు శుక్లాలేమో అనుకుని, బయట బెంచీ ఉంది కూర్చోబెట్టండి అని నాకు చెప్పాడు.

పోయిన దసరాకు మా అబ్బాయి కొత్త కారు తెచ్చాడు. మంచి కారు, ఎయిర్‌బ్యాగులు ఆరు, నక్షత్రాలు అయిదు. తెచ్చిన పదో రోజున క్లాక్ టవర్ దగ్గర సందులో ఒక స్కూటరు హ్యాండిలు తగిలి, వెనక తలుపు మీద బొటనవేలంత లొట్ట పడింది. సర్వీసు సెంటరుకు తీసుకుపోతే తలుపు మొత్తం మార్చాలన్నారట, చెప్పిన ఖరీదు వినగానే వాడు తిరిగి వచ్చేశాడు.

“నాన్నా, తాతది డాలీ ఉందిగా మనింట్లో, నువ్వొకసారి చూడరాదు?” అన్నాడు.

ఆ మాటకు నాకు కలిగిన సంతోషం దాచుకోలేకపోయాను. అటక మీదినుంచి డాలీ దించి, తుప్పు తుడిచి, ఆదివారం పొద్దున్నే కూర్చున్నాను. అంబాసిడర్ తలుపుకు లోపలి అట్ట నాలుగు స్క్రూలు విప్పితే చేతికి వచ్చేది, మోచేతి దాకా చెయ్యి దూరేది. ఈ తలుపుకు అట్ట ఊడదీయడానికే గంట పట్టింది. లోపల స్పీకరు, తీగల కట్టలు, అద్దం మోటారు. వాటిని దాటితే అడ్డంగా ఇనుప గొట్టం. పక్కనుంచి ఎవరైనా గుద్దితే లోపలివాళ్ళను కాపాడేది ఆ గొట్టమే. సరిగ్గా దాని వెనకే ఉంది మా లొట్ట. నా వేళ్ళు దాన్ని తాకాయి గానీ డాలీ దూరలేదు. ఎంత తిప్పినా దూరలేదు. అన్నీ మళ్ళీ బిగించి, చేతులు కడుక్కుని, మా వల్ల కాదురా అన్నాను. మా అని ఎందుకు అన్నానో తెలియదు.

వాడు వెళ్ళిపోయే ముందు గ్యాస్‌నూనె లేక వట్టి నీళ్ళ గుడ్డతోనే తలుపు తుడిచి, గొంతుక్కూర్చుని చూశాను. వీధిలోని కరెంటు తీగ నీడ మొదటి మడత దగ్గర విరిగి, రెండో మడత దగ్గర మెలిపడి, మూడోదాని కింద ముక్కలై ఎటో పోయింది. ఆ విరుపుల్లో మా లొట్ట ఎక్కడుందో గుర్తుపట్టడానికి నాకు కొంతసేపు పట్టింది. సంక్రాంతికి వాడు మళ్ళీ వచ్చినప్పుడు అదే తలుపు దగ్గర మళ్ళీ వంగాను. ఎంత వెతికినా దొరకలేదు. ఎక్కడరా అది, చేయించావా అని అడిగితే, లేదు నాన్నా, అక్కడే ఉంది అన్నాడు.